తొమ్మిది పరమాణువుల మందు

హైడ్రాక్సీయూరియా అణువులో ఉన్నవి తొమ్మిదే పరమాణువులు: ఒక కార్బన్, నాలుగు హైడ్రోజన్లు, రెండు నైట్రోజన్లు, రెండు ఆక్సిజన్లు. పొలంలో చల్లే యూరియా అణువుకు ఒక ఆక్సిజన్ అదనంగా చేరితే వచ్చే పదార్థం ఇది. తెల్లటి పొడి, నీళ్లలో తేలిగ్గా కరుగుతుంది, అణుభారం 76. క్యాన్సర్‌కు వాడే మిథోట్రెక్సేట్‌లో 55 పరమాణువులు, ఇమాటినిబ్‌లో 68 ఉంటాయి. వాటి పక్కన ఇది పిడికెడు కూడా కాదు. జర్మనీలో డ్రెస్లర్, స్టైన్ అనే రసాయనవేత్తలు 1869లో దీన్ని తయారుచేసినప్పుడు వాళ్ల మనసులో ఏ జబ్బూ లేదు. దాదాపు వందేళ్లకు అది క్యాన్సర్ మందయింది. మరో ముప్పై ఏళ్లకు, క్యాన్సర్‌తో సంబంధమే లేని సికిల్ సెల్ వ్యాధికి ప్రధానమైన మందయింది. గోదావరికి అటూ ఇటూ ఖమ్మం, భద్రాచలం అడవుల అంచున ఉన్న కోయగూడేలకు ఈ అణువుతో పని పడింది ఈ రెండో దారిలోనే.

ఒక ఎంజైమును ఆపడమే ఈ మందు చేసే పని. ఆ ఎంజైము పేరు రైబోన్యూక్లియోటైడ్ రిడక్టేజ్. జీవకణంలో ఆర్‌ఎన్‌ఏను కట్టే ముక్కలు ఎప్పుడూ సమృద్ధిగా ఉంటాయి. డీఎన్‌ఏను కట్టే ముక్కలు మాత్రం నిల్వ ఉండవు. కణం రెండుగా చీలబోయే ముందు, ఆర్‌ఎన్‌ఏ ముక్కల్లోంచి ఒక ఆక్సిజన్‌ను తీసేసి, వాటిని డీఎన్‌ఏ ముక్కలుగా అప్పటికప్పుడు మార్చుకోవాలి. ఆ మార్పు చేయగలిగింది ఈ ఎంజైము ఒక్కటే. బ్యాక్టీరియా నుంచి మనిషి దాకా, సొంతంగా డీఎన్‌ఏ కట్టుకునే దాదాపు ప్రతి ప్రాణీ దీని మీదే ఆధారపడి బతుకుతోంది. మనిషి కణం ఒక్కసారి చీలాలంటే 1,200 కోట్లకు పైగా డీఎన్‌ఏ ముక్కలు కావాలి. అవన్నీ కొద్ది గంటల్లోనే అందాలి.

ఎంజైములో రెండు భాగాలున్నాయి. పెద్ద భాగంలో అసలు పని జరుగుతుంది. చిన్న భాగంలో రెండు ఇనుము పరమాణువులు, వాటి పక్కనే టైరోసిన్ అనే అమైనో ఆమ్లం ఉంటాయి. ఆ టైరోసిన్‌లో జత లేని ఎలక్ట్రాన్ ఒకటి ఉంటుంది. అలాంటివాటిని రసాయనవేత్తలు ఫ్రీ రాడికల్ అంటారు. మామూలుగా ఫ్రీ రాడికల్ అంటే క్షణం కూడా నిలవకుండా దొరికినదానితో చర్య జరిపే పదార్థం. ఇక్కడ మాత్రం ప్రొటీన్ మడతల లోపల భద్రంగా ఉంటుంది. పని పడినప్పుడు దాని ప్రభావం మూడున్నర నానోమీటర్ల దూరం దాటి పెద్ద భాగంలోకి చేరి, అక్కడి చర్యను మొదలుపెడుతుంది. పని పూర్తికాగానే తిరిగి టైరోసిన్ దగ్గరికే వచ్చేస్తుంది. స్వీడన్ శాస్త్రవేత్త పీటర్ రైకార్డ్, సహచరుడు ఏరెన్‌బెర్గ్‌తో కలిసి 1972లో ఈ రాడికల్ ఆనవాలు పట్టినప్పుడు, ఒక ప్రొటీన్ తన సొంత అమైనో ఆమ్లంలో రాడికల్‌ను దాచుకుంటుందన్న సంగతి జీవరసాయన శాస్త్రానికే కొత్త.

హైడ్రాక్సీయూరియా దెబ్బ తగిలేది సరిగ్గా ఆ టైరోసిన్ మీదే. చిన్నది కాబట్టి చొరబడగలదు. తన దగ్గరున్న ఎలక్ట్రాన్‌ను ఇచ్చేసి, జత లేని ఎలక్ట్రాన్‌కు జత కూరుస్తుంది. రాడికల్ ఆరిపోతుంది. ఎంజైము ఆకారం చెడదు, ఇనుము కూడా చాలావరకు అక్కడే ఉంటుంది, అయినా పని ఆగిపోతుంది. డీఎన్‌ఏ ముక్కల సరఫరా తగ్గి, కాపీ తీస్తున్న యంత్రాంగం మధ్యలోనే నిలిచిపోతుంది. చీలే పనిలో లేని కణానికి ఇదేమంత పెద్ద లోటు కాదు. ఆగకుండా చీలే కణానికి మాత్రం ఊపిరి ఆడదు. క్యాన్సర్ కణం అలాంటిది. ఎముక మూలుగలో రోజూ కోట్ల రక్తకణాలను తయారుచేసే మూలకణాలూ అలాంటివే. ఈ మందు మేలూ, దాని ప్రమాదమూ రెండూ ఈ ఒక్క విషయంలోనే ఉన్నాయి.

కుందేళ్లకు ఇస్తే తెల్లకణాలు తగ్గిపోతున్నాయని 1928లోనే గమనించారు. అప్పట్లో దాన్ని విషలక్షణంగానే చూశారు. 1960ల ఆరంభంలో ఎలుకల లుకేమియా మీద ఇది పనిచేస్తుందని తేలింది. 1967లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దీన్ని క్యాన్సర్ మందుగా అనుమతించింది. అది అడ్డుకునేది ఏ ఎంజైమునో స్పష్టం చేసిన క్రాకాఫ్, బ్రౌన్, రైకార్డ్‌ల పరిశోధన ఆ మరుసటి ఏడాది, 1968లో వచ్చింది. దీర్ఘకాలిక మైలాయిడ్ లుకేమియాలో లక్షలు దాటిన తెల్లకణాల లెక్కను కిందికి దించడానికి వైద్యులు చాలా ఏళ్లు దీన్నే నమ్ముకున్నారు. 2001లో ఇమాటినిబ్ వచ్చాక ఆ స్థానం పోయింది. జబ్బుకు మూలమైన ఎంజైమునే గురిచూసి ఆపే మందు అది. హైదరాబాద్‌కు చెందిన నాట్కో ఫార్మా 2003లో వీనాట్ పేరుతో దాని జెనరిక్‌ను తెచ్చింది. రక్తం చిక్కబడే పాలీసైథీమియాలోనూ, ప్లేట్‌లెట్లు మితిమీరే జబ్బులోనూ మాత్రం హైడ్రాక్సీయూరియా నేటికీ ముందు వరస మందే.

ఆస్పత్రి కన్నా ప్రయోగశాలలోనే దీని అవసరం ఎక్కువని చెప్పినా తప్పులేదు. గాజు పళ్లెంలో పెరిగే కణాలు తలా ఒక దశలో ఉంటాయి. ఒకటి చీలుతూ ఉంటే, ఇంకొకటి అప్పుడే చీలి ఉంటుంది. హైడ్రాక్సీయూరియా కలిపి కొన్ని గంటలు ఉంచితే అవన్నీ డీఎన్‌ఏ కాపీ మొదలుపెట్టే గడప దగ్గరే ఆగుతాయి. తర్వాత ద్రవాన్ని కడిగేస్తే అన్నీ ఒకేసారి కదులుతాయి. అప్పుడు ఏ గంటకు ఏ ప్రొటీన్ పుడుతోందో, ఏ జన్యువు పలుకుతోందో లెక్క తీయవచ్చు. డీఎన్‌ఏ కాపీ మధ్యలో ఆగితే కణం ఎలా ప్రమాదాన్ని పసిగడుతుంది, ఏటీఆర్, సీహెచ్‌కే1 వంటి కాపలా ప్రొటీన్లు ఎలా మేల్కొంటాయి అన్న పరిజ్ఞానంలో పెద్ద వాటా ఈ మందుతో చేసిన ప్రయోగాలదే. ఆ కాపలాను ఆపే కొత్త క్యాన్సర్ మందుల పరిశోధనలోనూ, కణాన్ని ముందుగా ఇబ్బంది పెట్టడానికి చాలాచోట్ల దీన్నే వాడుతున్నారు.

డీఎన్‌ఏ సరఫరాను కోసి క్యాన్సర్‌ను ఆపవచ్చన్న ఆలోచనకు మొదటి రుజువు మాత్రం వేరే ఎంజైము మీద దొరికింది. ఆ కథలో ప్రధాన వ్యక్తి తెలుగువాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలకు పరిశోధనాధిపతిగా ఉన్నప్పుడు, ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. ఆ తర్వాత దాన్ని పోలి, దాని పనిని అడ్డుకునే అమినోప్టెరిన్‌ను తయారుచేసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాన్ని లుకేమియా పిల్లలకు ఇచ్చి, 16 మందిలో 10 మందికి తాత్కాలికంగా గుణం కనిపించిందని 1948 జూన్‌లో ప్రకటించారు. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు. అమినోప్టెరిన్ తోబుట్టువే మిథోట్రెక్సేట్. సుబ్బారావు బృందం తయారుచేసిన ఆ ఫోలిక్ ఆమ్లమే ఇప్పుడు సికిల్ సెల్ రోగుల చీటీలో హైడ్రాక్సీయూరియా పక్కన కనిపిస్తుంది. ఎర్రకణాలు త్వరగా చనిపోయే జబ్బులో మూలుగ రెట్టింపు పని చేయాలి, దానికి ఫోలిక్ ఆమ్లం కావాలి. పైగా హైడ్రాక్సీయూరియా ఎర్రకణాలను పెద్దవి చేస్తుంది. ఫోలిక్ ఆమ్లం లోపించినా అదే లక్షణం కనిపిస్తుంది కాబట్టి, ఆ లోటు మందు చాటున దాక్కుని బయటపడకుండా పోవచ్చు.

సికిల్ సెల్ రక్తం జబ్బు, తల్లిదండ్రుల నుంచి వస్తుంది. హీమోగ్లోబిన్‌లోని బీటా గొలుసులో ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం ఉండాల్సిన చోట వాలిన్ ఉంటుంది. ఉన్న తేడా అంతే. ఆక్సిజన్ తగ్గగానే ఈ హీమోగ్లోబిన్ అణువులు ఒకదానికొకటి అతుక్కుని పొడవాటి పోచలుగా మారతాయి. గుండ్రటి ఎర్రకణం కొడవలిలా వంగుతుంది. అలాంటి కణాలు సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుంటే ఎముకల్లో, కడుపులో, ఛాతీలో భరించలేని నొప్పి వస్తుంది. మామూలు ఎర్రకణం 120 రోజులు బతికితే కొడవలి కణం రెండు మూడు వారాలకే చనిపోతుంది. అందుకే రక్తహీనత, కళ్లు పచ్చబడడం. ప్లీహం దెబ్బతిని చిన్నపిల్లలకు అంటురోగాలు త్వరగా సోకుతాయి, పెద్దయ్యాక తుంటి ఎముక అరిగిపోతుంది, కొందరికి చిన్న వయసులోనే పక్షవాతం వస్తుంది.

ఈ జన్యువు అడవి అంచున ఎక్కువగా ఉండడానికి కారణం మలేరియా. తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్క కాపీ మాత్రమే వచ్చినవాళ్లకు జబ్బు రాదు. పైగా ఫాల్సిపారం మలేరియా వాళ్ల ప్రాణం తీయడం అరుదు. ఆంథొనీ అలిసన్ 1954లో తూర్పు ఆఫ్రికాలో ఈ సంగతిని చూపించారు. భారత్‌లో ఈ జన్యువును 1952లో నీలగిరి గిరిజనుల్లో గుర్తించారు. దోమా అడవీ కలిసి వేల ఏళ్లు ఉన్న చోటల్లా, అంటే మధ్య భారతంలో, గోండ్వానాలో, తూర్పు కనుమల్లో ఇది వేళ్లూనుకుంది. భద్రాచలం ఏజెన్సీ సరిగ్గా ఆ పటంలోనే ఉంది. చర్ల, దుమ్ముగూడెం, అటువైపు చింతూరు, కూనవరం, ఇంకా పైన ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా, బీజాపూర్ అడవులు ఫాల్సిపారం మలేరియాకు పేరుపడ్డ ప్రాంతాలు. ఇక్కడి కోయలతో పాటు ఇతర గిరిజన సమాజాల్లోనూ సికిల్ జన్యువు ఉంది. ఒక కాపీ కాపాడుతుంది, రెండు కాపీలు రోగిని చేస్తాయి. సికిల్ రోగికి మలేరియా వస్తే ఆ రక్షణ పనికిరాదు. అప్పటికే తక్కువగా ఉన్న రక్తం ఇంకా పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది.

క్యాన్సర్ మందు ఈ జబ్బుకు ఎలా వచ్చిందంటే, దానికి తొలి ఆధారం పసిపిల్లల దగ్గర దొరికింది. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ వైద్యురాలు జానెట్ వాట్సన్ 1948లో ఒక సంగతి గమనించారు. సికిల్ జన్యువులు రెండూ ఉన్న శిశువులకు కూడా మొదటి నెలల్లో జబ్బు లక్షణాలు కనిపించవు. కారణం, తల్లి కడుపులో ఉన్నప్పటి హీమోగ్లోబిన్, అంటే హీమోగ్లోబిన్ ఎఫ్, వాళ్ల రక్తంలో ఇంకా మిగిలి ఉండడం. అది పోచల మధ్య చేరి వాటిని పొడవు పెరగనివ్వదు. ఆరు నెలలు దాటాక అది తగ్గిపోయి జబ్బు బయటపడుతుంది. ఆగిపోయిన ఆ హీమోగ్లోబిన్‌ను మళ్లీ పుట్టించగలిగితే? 1980ల ఆరంభంలో అజాసిటిడిన్ అనే క్యాన్సర్ మందు బబూన్లలోనూ, తర్వాత రోగుల్లోనూ ఆ పని చేసింది. అది మరీ ప్రమాదకరమైనది కావడంతో, నోటితో వేసుకోగల హైడ్రాక్సీయూరియాను ప్రయత్నించారు. 1984లో కోతుల్లోనూ, రోగుల్లోనూ హీమోగ్లోబిన్ ఎఫ్ పెరిగింది.

ఎందుకు పెరుగుతుందన్నది ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. ఎక్కువమంది అంగీకరించే వివరణ ఇది: మందు మూలుగలో వేగంగా చీలే కణాలను అణచినప్పుడు, ఆ లోటు తీర్చడానికి వెనకున్న తొలిదశ కణాలు హడావిడిగా ముందుకొస్తాయి. వాటికి హీమోగ్లోబిన్ ఎఫ్ తయారుచేసే అలవాటు ఇంకా పోయి ఉండదు. నాళాల గోడలకు అంటుకునే తెల్లకణాలు తగ్గడం, మందు నుంచి నైట్రిక్ ఆక్సైడ్ వెలువడి నాళాలు సడలడం కూడా మేలు చేస్తాయని లెక్క.

అసలు పరీక్ష ఫలితం 1995లో వచ్చింది. శామ్యూల్ చరాషే నాయకత్వంలో 299 మంది పెద్దవాళ్లను రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు మందు, ఇంకో గుంపుకు ఉత్తుత్తి మాత్ర. ఏడాదికి నాలుగున్నర సార్లు వచ్చే నొప్పి దాడులు మందు వేసుకున్నవాళ్లలో రెండున్నరకు తగ్గాయి. ఫలితం అంత స్పష్టంగా ఉండడంతో పరిశోధనను గడువుకు ముందే ఆపేశారు. 1998లో ఈ జబ్బుకూ అనుమతి వచ్చింది. 2011లో వెలువడిన బేబీ హగ్ పరిశోధన 9 నుంచి 18 నెలల పసివాళ్లకూ ఇది ఇవ్వవచ్చని చూపించింది.

భద్రాచలం లాంటి చోటికి వీటన్నిటికన్నా ముఖ్యమైనది 2019లో వచ్చిన రీచ్ పరిశోధన. అంగోలా, కాంగో, కెన్యా, ఉగాండాల్లో ఆరు వందల మందికి పైగా సికిల్ పిల్లలకు మందిచ్చి చూశారు. తెల్లకణాలు తగ్గితే మలేరియా ఇంకా ముదురుతుందేమోనన్న భయం మొదట్లో ఉండేది. జరిగింది అందుకు విరుద్ధం. నొప్పి దాడులు, రక్తమార్పిడులు, మరణాలు తగ్గడమే కాదు, మలేరియా కూడా సగానికి తగ్గింది. మలేరియా ఉన్న ప్రాంతమన్న కారణంతో ఈ మందుకు వెనకాడాల్సిన పని లేదని దాంతో రుజువైంది.

మందు చౌకే. 500 మిల్లీగ్రాముల క్యాప్సూల్ దశాబ్దాలుగా జెనరిక్‌గా దొరుకుతోంది. కష్టమంతా మోతాదు దగ్గరే వస్తుంది. భారత్‌లో సాధారణంగా కిలో బరువుకు రోజుకు 10 నుంచి 15 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, రక్తపరీక్ష చూసుకుంటూ పెంచుతారు. ఎట్టి పరిస్థితిలోనూ 35 దాటకూడదు. నలభై కిలోల మనిషికి ఒక క్యాప్సూల్ లెక్క సరిపోతుంది. ఇరవై కిలోల పిల్లవాడికి అదే క్యాప్సూల్ ఆరంభ మోతాదును ఎప్పుడో దాటేస్తుంది. అందుకే పిల్లలకు ద్రవరూపంలోనో, తక్కువ బలంతోనో మందు అందుబాటులో ఉండడం చిన్న సౌకర్యమేమీ కాదు, చికిత్స మొదలవుతుందా లేదా అన్నది తేల్చే విషయం. క్యాప్సూల్‌ను ఇంట్లో విప్పి పొడిని పంచడం మాత్రం చేయకూడదు. అది కణాలను ఆపే మందు, గాలిలో తేలినా, గర్భిణి చేతికి అంటినా ప్రమాదమే.

ఇక రక్తపరీక్ష. ఊదా రంగు మూత ఉన్న చిన్న ఈడీటీఏ ట్యూబులో రెండు మిల్లీలీటర్ల రక్తం. దాంట్లో వైద్యుడు చూసేవి నాలుగు అంకెలు. హీమోగ్లోబిన్ ఎంత పెరిగింది; న్యూట్రోఫిల్స్ రెండు వేల నుంచి నాలుగు వేల మధ్య ఉన్నాయా; ప్లేట్‌లెట్లు 80 వేల కన్నా కిందికి పడలేదు కదా; ఎర్రకణం సగటు పరిమాణం పెరిగిందా. ఈ చివరి అంకె రోగి మందు వేసుకుంటున్నాడో లేదో చెప్పేస్తుంది. మానేసిన కొన్ని నెలలకు అది మళ్లీ దిగిపోతుంది. మొదట్లో రెండు నుంచి నాలుగు వారాలకొకసారి, మోతాదు కుదిరాక రెండు మూడు నెలలకొకసారి ఈ పరీక్ష జరగాలి. కణాల లెక్క మరీ పడిపోతే మందు ఆపాలి. ఆపితే సాధారణంగా ఒకటి రెండు వారాల్లో మూలుగ కోలుకుంటుంది. కొందరికి గోళ్ల మీద నల్లటి నిలువు చారలు వస్తాయి. చూడ్డానికి భయం కలిగించినా, వాటివల్ల ప్రమాదం లేదు.

అడవి అంచున చికిత్స తెగిపోయేది ఈ పరీక్ష దగ్గరే. క్యాప్సూల్ జేబులో పెట్టుకుని గూడేనికి వెళ్లిపోవచ్చు. కణాల లెక్క తీసే యంత్రం గూడేనికి రాదు. తీసిన రక్తం ఒక రోజులోపు యంత్రం దగ్గరికి చేరకపోతే కణాల లెక్క తప్పుతుంది. జూలై, ఆగస్టు నెలల్లో గోదావరి పొంగితే భద్రాచలం నుంచి పై మండలాలకు పోయే రోడ్లు నీళ్లలో ఉంటాయి. 2022 జూలైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటింది. మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేది 53 అడుగుల దగ్గరే. మలేరియా ముదిరే కాలమూ అదే. పరీక్ష, మందు రెండూ వానలకు ముందే అందేలా చూడకపోతే, ఏడాదిలో అత్యంత అవసరమైన నెలల్లోనే చికిత్స ఆగిపోతుంది. వేసవిలో వేరే చిక్కు. తునికాకు కోతకు తెల్లవారకముందే అడవికి వెళ్లి ఎండ ముదిరేదాకా పనిచేసే సికిల్ రోగికి ఒంట్లో నీళ్లు తగ్గుతాయి, రక్తం చిక్కబడుతుంది, నొప్పి దాడి మొదలవుతుంది. మందు దాడులను తగ్గిస్తుందే గానీ, నీళ్లు తాగాల్సిన అవసరాన్ని తీర్చదు.

ఇంకో అడ్డు రాష్ట్రాల సరిహద్దు. 2014లో పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి, భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయింది, ఛత్తీస్‌గఢ్ అక్కడికి ఎంతో దూరం లేదు. మూడు రాష్ట్రాల గిరిజనులకూ దగ్గరి పెద్ద ఆస్పత్రి భద్రాచలమే. ఒకచోట రక్తపరీక్ష, మరోచోట మందు, ఇంకోచోట రికార్డు అయితే వేళకు చూడాల్సిన ఆ నాలుగు అంకెలు ఎవరి దగ్గరా ఒకచోట ఉండవు. ఇలాంటి జబ్బులో రోగి చేతిలో ఉండే పుస్తకం ఏ కంప్యూటర్ కన్నా విలువైనది.

జ్వరం వచ్చినప్పుడు పొరబాటు పడే ప్రమాదం కూడా ఉంది. ఆశా కార్యకర్త వేలి చివర సూదితో గుచ్చి ఆర్‌డీటీ కిట్ మీద రక్తపు చుక్క వేస్తే, పావుగంట, ఇరవై నిమిషాల్లో మలేరియా ఉందో లేదో తెలుస్తుంది. అడవి ఊళ్లకు అది పెద్ద వరం. కానీ ఆ కిట్ మలేరియా గురించి తప్ప ఇంకేమీ చెప్పదు. జ్వరం, పాలిపోవడం, కీళ్ల నొప్పులు, పచ్చబడిన కళ్లు, ఉబ్బిన ప్లీహం సికిల్‌లోనూ ఉంటాయి. వీటిలో చాలావరకు లుకేమియాలోనూ కనిపిస్తాయి. కిట్‌లో మలేరియా లేదని తేలాక, లేక మలేరియా మందు వాడినా రక్తం పెరగనప్పుడు, ఆ పిల్లవాడి రక్తాన్ని గాజు పలక మీద పరిచి మైక్రోస్కోపు కింద చూడాలి. కొడవలి కణమైనా, క్యాన్సర్ కణమైనా కంటికి కనిపించేది అక్కడే.

జాతీయ సికిల్ సెల్ రక్తహీనత నిర్మూలన మిషన్ 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో మొదలైంది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లతో సహా 17 రాష్ట్రాల్లో, 40 ఏళ్లలోపు ఏడు కోట్ల మందిని పరీక్షించాలన్నది లక్ష్యం. జబ్బు నిర్మూలనకు 2047 గడువు. మొదట సాల్యుబిలిటీ పరీక్షతో అనుమానితులను వేరుచేసి, తర్వాత హెచ్‌పీఎల్‌సీతో నిర్ధారిస్తారు. రోగి ఎవరు, జన్యువు మోసే ఆరోగ్యవంతుడు ఎవరు అన్నది ఈ రెండో పరీక్షతోనే తేలుతుంది. ఈ తేడా ఊరికి వివరించడం కూడా వైద్యంలో భాగమే. మోసేవాళ్లకు హైడ్రాక్సీయూరియా అక్కర్లేదు, వాళ్లు రోగులు కారు. మోసేవాళ్లిద్దరికి పెళ్లయితే మాత్రం ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. వికలాంగుల హక్కుల చట్టం 2016లో సికిల్ సెల్‌ను కూడా చేర్చారు కాబట్టి, రోగులు ధ్రువీకరణకు అర్హులు.

క్యాన్సర్ మందును బిడ్డకు ఏళ్ల తరబడి వేయాలంటే తల్లిదండ్రులు జంకుతారు. అది సహజం. డీఎన్‌ఏతో ఆడుకునే మందే క్యాన్సర్ తెస్తుందేమోనన్న ప్రశ్నను శాస్త్రవేత్తలూ సీరియస్‌గానే తీసుకున్నారు. 1995 నాటి రోగులను పదిహేడేళ్లకు పైగా గమనించినా, ఇతర పరిశోధనల్లోనూ, సికిల్ రోగుల్లో ఈ మందు వల్ల క్యాన్సర్ పెరిగినట్టు ఆధారం దొరకలేదు. క్రమంగా వాడినవాళ్లలో మరణాలు తక్కువని మాత్రం తేలింది. గర్భిణులు వాడకూడదు. బిడ్డ కావాలనుకునే స్త్రీ ముందుగానే వైద్యుడితో మాట్లాడి ఆపాలి. పురుషుల్లో వీర్యకణాల సంఖ్య తగ్గవచ్చు, వాళ్లకూ ముందే చెప్పాలి.

జబ్బును ఇది నయం చేయదు. మూలుగ మార్పిడి, 2023 చివర్లో విదేశాల్లో అనుమతి పొందిన జన్యుసవరణ చికిత్స నయం చేయగలవు. వాటి ఖర్చు, వాటికి కావాల్సిన ఆస్పత్రులు అడవి అంచుకు ఇంకా అందేవి కావు. మందు మొదలుపెట్టిన మూడు నుంచి ఆరు నెలలకు గానీ గుణం తెలియదు. ఈలోపు నొప్పి వస్తే మందు పనిచేయడం లేదని మానేసేవాళ్లే ఎక్కువ. ఆ ఆరు నెలలూ రోగి వెంట ఎవరో ఒకరు ఉండాలి. ఏఎన్‌ఎం అయినా, ఆశా అయినా, తర్వాతి పరీక్ష తేదీ గుర్తుచేసి, జ్వరం వస్తే అదే రోజు పీహెచ్‌సీకి తీసుకెళ్లాలి. ఐదేళ్లలోపు పిల్లలైతే పెన్సిలిన్, న్యుమోనియా టీకా ఆగకుండా చూడాలి.

క్యాన్సర్ పరిశోధన మాత్రం రైబోన్యూక్లియోటైడ్ రిడక్టేజ్‌ను వదల్లేదు. ఎంజైములోని ఇనుమును పట్టుకునే ట్రయాపిన్‌ను గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌లో రేడియేషన్‌తో కలిపి పరీక్షించారు. జెమ్‌సిటాబిన్ ఇదే ఎంజైము పెద్ద భాగాన్ని ఆపుతుంది, క్లోమ క్యాన్సర్‌లో దాన్ని విరివిగా వాడుతున్నారు. హైడ్రాక్సీయూరియాకు కణాలు ఎలా అలవాటు పడతాయో కూడా తెలిసింది. చిన్న భాగాన్ని తయారుచేసే జన్యువు కాపీలను పెంచుకుని, మందు ఆపగలిగినదానికన్నా ఎక్కువ ఎంజైమును అవి పుట్టించుకుంటాయి. సికిల్ రోగి మూలుగలో ఆ పరిస్థితి రాదు. సరైన మోతాదులో, లెక్క తప్పని పరీక్షలతో ఇస్తే, ఏళ్లు గడిచినా మందు పనిచేస్తూనే ఉంటుంది.